మారేడుమిల్లిలో మూడు రోజులు: ఎక్కడ పడుకున్నాం, ఏం తిన్నాం, డబ్బు ఎవరికి చేరింది

ముందు నేనెవరో చెప్పాలి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. అందులో పదకొండేళ్ళు రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు మీదుగా భద్రాచలం వెళ్ళే బస్సులోనే గడిచాయి. ఘాట్ రోడ్డులో ఏ మలుపు దగ్గర ఏ ఊరి కాలిబాట అడవిలోకి దిగుతుందో ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్పగలను. కొండచీపుర్ల కట్టలు, చింతపండు బుట్టలు, అడ్డాకుల మోపులతో బస్సెక్కినవాళ్ళకి లగేజీ టికెట్టు కొట్టింది నేనే. అప్పట్లో మారేడుమిల్లిలో దిగేవాళ్ళంటే టీచర్లు, ఫారెస్టు వాళ్ళు, జీసీసీ (గిరిజన సహకార సంస్థ) డిపో వాళ్ళు, సంతకి వచ్చేవాళ్ళు. ఊరు చూడడానికని దిగిన మనిషి నాకు గుర్తు లేడు.

మొన్న జనవరి 26 సోమవారం పడి, వరసగా మూడు రోజులు సెలవు కలిసొచ్చింది. మా అమ్మాయి, అల్లుడు, ఇద్దరు మనవలతో కలిసి మొదటిసారి టూరిస్టుగా వెళ్ళాను. శనివారం ఒక టెంట్ల క్యాంపులో, ఆదివారం ఒక కొండరెడ్డి గిరిజన కుటుంబం ఇంటి దగ్గర కట్టిన గదుల్లో పడుకున్నాం. ఈ రెంటి గురించి, మధ్యలో తిన్న బొంగు చికెన్ గురించి, గుడిస కొండకి వెళ్ళిన జీపు గురించి రాస్తున్నాను. వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుంది.

మొదట టెంట్ల క్యాంపు. పేరు రాయను. నా ఫిర్యాదు అక్కడి మేనేజరుకి మొహం మీదే చెప్పి వచ్చాను. పైగా అలాంటివి ఇప్పుడు వాగుల వెంట చాలా ఉన్నాయి, ఒక్కరిని పట్టుకుని రాయడం న్యాయం కాదు. బాగున్నది బాగుందనే చెప్పాలి. టెంటు శుభ్రంగా ఉంది, పరుపు మెత్తగా ఉంది, బాత్రూములో వేడినీళ్ళు వచ్చాయి. సాయంత్రం ఆరింటికల్లా చలి మొదలైతే అడక్కుండానే ఇంకో దుప్పటి తెచ్చి ఇచ్చారు. టెంటుకి నాలుగు వేలు తీసుకున్నారు, టిఫిను అందులోనే.

ఎనిమిదింటికి స్పీకర్లు పెట్టారు. వాగు పక్కన లోయ అది. పాట ఒక కొండకి తగిలి రెండో కొండ నుంచి తిరిగి వస్తోంది. పెద్ద పెద్ద దుంగలు పేర్చి క్యాంప్ ఫైర్ వేశారు. "కట్టెలెక్కడివి?" అని అడిగితే "కొన్నామండీ" అన్నారు. ఎవరి దగ్గర, ఏ అడవిలోవి అంటే జవాబు లేదు. పదకొండున్నర దాటాక గాని చప్పుడు ఆగలేదు. నా చిన్న మనవరాలికి ఐదేళ్ళు. చెవులు మూసుకుని మా అమ్మాయి ఒళ్ళో పడుకుంది.

మర్నాడు గుడిస కొండ నుంచి తిరిగొచ్చాక వాగులోకి దిగి చూశాను. పేపరు ప్లేట్లు రాళ్ళ మధ్య ఇరుక్కుని ఉన్నాయి. సీసాలు కొన్ని నీళ్ళలో, కొన్ని పగిలి ఇసుకలో. అక్కడికి ఒక వంద గజాల కింద ఒకావిడ ఇసుకలో చెలమ తవ్వుకుని, చిన్న గిన్నెతో తోడి బిందె నింపుకుంటోంది. పలకరించాను. "ఆదివారం వస్తే పిల్లల్ని వాగులోకి దిగనివ్వమండీ, కాళ్ళు తెగుతున్నాయి" అంది. కోపంగా అనలేదు. వర్షం వస్తుందండీ అన్నట్టు చెప్పింది. ఆవిడ కోప్పడి తిట్టినా నాకు ఇంత బాధ కలిగేది కాదేమో.

ఆ క్యాంపులో వంటవాళ్ళు, మేనేజరు, డబ్బు తీసుకునే అబ్బాయి అందరూ మైదానం నుంచి వచ్చినవాళ్ళే. ఈ చుట్టుపక్కల కుర్రాళ్ళు ఇద్దరున్నారు, ఊడవడానికి. ఇది ఏజెన్సీ, ఇక్కడ 1/70 చట్టం ఉంది. గిరిజనేతరులు భూమి కొనడానికి లేదు. అంటే భూమి ఒక గిరిజన రైతుదే అయి ఉండాలి. ఆ రైతుకి నెలకి ఎంత ముడుతుందని మేనేజరుని అడిగాను. అది ఓనరుగారికి తెలుస్తుంది అన్నాడు. బస బుక్ చేసే ముందు ఈ ప్రశ్న మీరూ అడగండి. చెప్పగలిగేవాళ్ళు వెంటనే చెప్తారు.

ఇప్పుడు బొంగు చికెన్ సంగతి. దీనికోసమే సగం మంది వస్తున్నారు కాబట్టి వివరంగా రాస్తాను.

మెయిన్ రోడ్డు మీద పెద్ద బోర్డున్న చోట మొదట తిన్నాం. ఎర్రగా రంగు కలిపారు, నూనె పోశారు. బొంగు పైన మాడింది, లోపల ముక్క ఎముక దగ్గర పచ్చిగానే ఉంది. అసలు బొంగు చికెన్‌లో నూనె చుక్క వెయ్యరు. ముక్కల్లోకి ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర పట్టించి, పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. వెదురు పచ్చిది కాబట్టి అందులోని తడే ఆవిరై మాంసాన్ని ఉడికిస్తుంది. ఎండు బొంగైతే అంటుకుంటుంది. అరగంటకి పైగా ఓపిగ్గా తిప్పాలి. సెలవు రోజున రోడ్డు మీద యాభై కార్లు ఆగి ఉంటే ఆ ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

రెండోసారి ఊరి చివర ఇద్దరు ఆడవాళ్ళు నడిపే పాక దగ్గర తిన్నాం. బొంగు మూడు వందలు. "ముప్పావు గంట పడుద్దండీ, కూర్చుంటారా?" అని ముందే అడిగారు. కూర్చున్నాం. విస్తరాకులో దులిపితే ఆవిరి, వెదురు వాసన కలిసి వచ్చాయి. ముక్క వేలితో ఒత్తితే విడిపోయింది. మా అల్లుడు భోజనం దగ్గర పొగిడే మనిషి కాదు, ఇంకో బొంగు చెప్పాడు.

అక్కడ కూర్చున్న గంటలో నేను లెక్కపెట్టాను, రోడ్డు మీద ఆ ఒక్క వరస పాకల్లోనే నలభైకి పైగా బొంగులు నిప్పుల మీదకి వెళ్ళాయి. ఒకసారి కాల్చిన బొంగు మళ్ళీ పనికిరాదు. పాకల వెనక నల్లటి బొంగుల గుట్ట నడుం ఎత్తున ఉంది. ఇదే వెదురుతో కొండరెడ్లు బుట్టలు, చేటలు, తడికలు అల్లుతారు. నా బస్సులో అవి ఎన్ని వందలసార్లు టాపు మీద కట్టించానో! పాక ఆవిడ చెప్పిన మాట ఇది: "మా అమ్మ ఇంటెనకాల్నించి వెదురు తెచ్చి బుట్ట అల్లేదండి. ఇప్పుడు ఆ వెదురు దొరకాలంటే పూట నడవాలి." ఆవిడ బతుకు ఈ పాక మీదే నడుస్తోంది, ఆవిడకి తెలిసి కూడా వేరే దారి లేదు. నరికిన చోట మళ్ళీ పెంచడం, ఏ కొండ మీద ఏ ఏడు నరకాలో ఊళ్ళవాళ్ళు, ఫారెస్టు వాళ్ళు కూర్చుని వంతు వేసుకోవడం జరగాలి. ఇక్కడ వన సంరక్షణ సమితులు చాలా ఏళ్ళ నుంచి ఉన్నాయి, టూరిస్టుల బస పనులు కూడా చూస్తున్నాయి, కాబట్టి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. మనం చెయ్యగలిగింది ఒకటుంది. ఐదుగురికి రెండు బొంగులు సరిపోతాయి. ఫొటో కోసం మనిషికొకటి చెప్పి సగం వదిలేసి వెళ్ళినవాళ్ళని పక్క బల్ల మీదే చూశాను.

ఆ పాక దగ్గరే ఒకాయన నా ఎదురుగా నిలబడి "కండక్టరుగారూ, నన్ను గుర్తుపట్టారా?" అన్నాడు. నలభై దాటిన మనిషి. నేను పట్టలేదు. చిన్నప్పుడు రంపచోడవరంలో ఆశ్రమ పాఠశాలకి నా బస్సులోనే వెళ్ళేవాడట. ఒకసారి చిల్లర లేకపోతే నేను టికెట్టు డబ్బులు కట్టానట. నాకది గుర్తులేదు, అతనికి గుర్తుంది. వాళ్ళ ఇంటి దగ్గర రెండు గదులు కట్టానని, ఆ రాత్రికి ఖాళీ అని చెప్పాడు. అంటే ఇక్కడి నుంచి నేను రాసేది తెలిసినవాళ్ళ గురించి. ఆ మేరకు తగ్గించుకునే చదవండి. డబ్బు మాత్రం అందరిలాగే పూర్తిగా ఇచ్చాను, పట్టుబట్టి ఇచ్చాను. గదికి ఎనిమిది వందలు, మనిషికి భోజనం నూట యాభై.

గదులు మట్టి గోడలవి, పెంకు కప్పు. మంచాలు నులకవి. బాత్రూము బయట, పది అడుగులు నడవాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోండి, నాకు కొంచెం ఇబ్బందే అయింది. వేడినీళ్ళు కట్టెల పొయ్యి మీద కాచి ఇస్తారు, కాబట్టి అయిదుగురూ ఒకేసారి స్నానానికి సిద్ధమైతే కుదరదు. ఫోను సిగ్నల్ లేదు. రాత్రి తెల్లవార్లూ చలి, తెచ్చుకున్న స్వెట్టర్లు వేసుకునే పడుకున్నాం.

భోజనం మటుకు ఈ మూడు రోజుల్లో అదే గొప్పది. సామల అన్నం, కొండ కందిపప్పు, గుమ్మడికాయ కూర, నాటుకోడి పులుసు. పొద్దున చోడి అంబలి. పిల్లలు అంబలి తాగరనుకున్నాను. బెల్లం ముక్క నంజుకుని రెండేసి గ్లాసులు తాగారు. ఇంటావిడ సామలు దంచే రోలు చూపించి, పోటు వేయడం మా అమ్మాయికి నేర్పింది.

ఆ ఇంట్లో నాలుగు షరతులున్నాయి. మందు వద్దు. స్పీకరు వద్దు. మీరు తెచ్చిన ప్లాస్టిక్ మీరే పట్టుకెళ్ళాలి. తొమ్మిదింటికి బయటి లైట్లు ఆర్పేస్తారు. మొదట మా అల్లుడు కొంచెం ఇబ్బందిగా చూశాడు. తొమ్మిదిన్నరకి ఇంటాయన టార్చి పట్టుకుని "వాగు దాకా రండి బాబూ" అని మా పెద్ద మనవణ్ణి పిలిచాడు. పాపికొండల నేషనల్ పార్కులోకి కాదు, ఊరి పక్క వాగుకే. అక్కడ రాతి చీలిక దగ్గర టార్చి వేస్తే, బంగారం పూసినట్టున్న బల్లి ఒకటి! మా గోడల మీద బల్లి కాదు, అర జానెడు పైనే ఉంది. దాన్ని బంగారు బల్లి అంటారు. తూర్పు కనుమల్లో ఇలా తడిగా ఉండే రాళ్ళ సందుల్లో బతికే జీవి, రాత్రిపూటే బయటికొస్తుంది, గట్టిగా అరుస్తుంది. మేం నిశ్శబ్దంగా నిలబడితే పై రాతి మీంచి ఇంకొకటి జవాబు పలికింది. మనవడికి తొమ్మిదేళ్ళు, ఊపిరి బిగబట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. ముందు రాత్రి మేం పడుకున్న క్యాంపు పక్కనా ఇలాంటి వాగే, ఇలాంటి రాళ్ళే. అక్కడా ఇవి ఉండే ఉంటాయి. ఆ పాటల్లో ఒకదాని పిలుపు ఇంకోదానికి ఎలా వినపడుతుంది?

ఇక్కడ పార్కు గురించి రెండు మాటలు. పాపికొండలని 1978లో అభయారణ్యం చేశారు, 2008లో నేషనల్ పార్కుగా ప్రకటించారు. వెయ్యి చదరపు కిలోమీటర్లకి పైన, గోదావరికి రెండు పక్కలా ఉంటుంది. పులి, చిరుత, అడవిదున్న, కణితి, గిరినాగు బతికే అడవి. నేషనల్ పార్కు అంటే చట్టం చాలా గట్టిది, లోపల పశువుల్ని మేపడానికి లేదు. తరతరాలుగా ఆ కొండల మీద పోడు చేసుకుని, చింతపండు, తేనె, కరక్కాయ ఏరుకుని బతికిన కొండరెడ్లకి ఆ గీత ఇంటి గుమ్మం ముందు గీసినట్టే. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, కొందరికి పట్టాలూ వచ్చాయి. ఇంటాయన మాట సూటిగా ఉంది: "అడవి ఉండాలండి, అది పోతే మేమూ ఉండం. కానీ మా నాన్న ఆవు దాటకూడని గీతని కారు దాటుతుంటే మాకు అర్థం కాదు." పోలవరం ముంపులో దేవీపట్నం వైపు గోదావరి ఒడ్డు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అతని చుట్టాలు కొందరు ఇప్పుడు పునరావాస కాలనీలో ఉన్నారు. దాని గురించి నేను అడగలేదు, అతనూ ఆ ఒక్క మాట అని ఊరుకున్నాడు.

గుడిస. ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకి క్యాంపు నుంచే జీపులో బయల్దేరాం. జీపుకి మూడు వేల ఐదు వందలు, డ్రైవరు పుల్లంగి వైపు కుర్రాడు. చివరి భాగం రోడ్డు చాలా గతుకులు, నడుం నొప్పి ఉన్నవాళ్ళు, గర్భిణులు వెళ్ళొద్దు. సొంత కారులో అసలు వద్దు. దారిలో రెండు కార్లు ఇరుక్కుని ఉన్నాయి, వాటిని లాగడానికి ఊళ్ళో వాళ్ళనే నిద్ర లేపారు.

పైకి చేరాక కనిపించింది మాటల్లో పెట్టలేను. కాళ్ళ కింద మబ్బులు పాల మడుగులా పరుచుకుని, వాటి మధ్య కొండ శిఖరాలు లంకల్లా తేలుతున్నాయి. సూర్యుడు రాగానే గడ్డి మీద మంచు మొత్తం మెరిసింది. జనవరికల్లా గడ్డి పచ్చదనం పోయి పసుపు తిరుగుతుంది, అదీ అందమే. పచ్చగా కావాలంటే అక్టోబరు, నవంబరులో వెళ్ళండి. ఆ ఎండుగడ్డిలోనే అక్కడక్కడ గుండ్రంగా నల్లటి మచ్చలు కనిపించాయి. పాత క్యాంప్ ఫైర్లవి. ఇప్పుడు కొండ మీద రాత్రి ఉండనివ్వడం లేదని డ్రైవరు చెప్పాడు, చాలా మంచి పని. గాలికి ఒక్క నిప్పురవ్వ లేస్తే ఆ గడ్డి మొత్తం కాలిపోతుంది.

దిగేటప్పుడు డ్రైవరు ఒక పక్క బాట చూపించాడు. లోపల పదిహేను ఇళ్ళ ఊరు ఉందట. నిరుడు వానాకాలంలో వాళ్ళ చిన్నమ్మని పురుటి నొప్పులతో డోలీ కట్టి ఈ రోడ్డు దాకా మోసుకొచ్చారట. "టూరిస్టు జీపే ఎదురొచ్చిందండి, దాన్లోనే తీసుకెళ్ళాం" అన్నాడు. తల్లీ బిడ్డా బాగున్నారు. ఈ మన్యంలో రోడ్డు ఎవరి కోసం అన్నది పాత గొడవ. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించడంలో కూలి సరిగ్గా ఇవ్వకుండా గిరిజనుల్ని పీడించడం 1922లో అల్లూరి తిరుగుబాటుకి ఒక కారణం. సూర్యోదయం చూడడానికి నేను వెళ్ళిన రోడ్డు, ఇంకో రెండు కిలోమీటర్లు పక్కకి తిరిగితే ఆ పదిహేను ఇళ్ళకి అంబులెన్సు వెళ్తుంది. టూరిస్టుల దగ్గర తీసుకునే రుసుములో ఎంతో కొంత ఆ రెండు కిలోమీటర్లకి ఖర్చు పెడతామంటే నేను ఇప్పుడిచ్చినదానికి రెట్టింపు ఇస్తాను. నా పక్క జీపులో వాళ్ళూ ఇస్తారనే నమ్మకం.

జలతరంగిణి జలపాతం దగ్గర కాసేపు ఆగాం. నీరు తక్కువగా ఉంది, పిల్లలు ఆడుకున్నారు. వానాకాలంలో మాత్రం ఆ రాళ్ళని నమ్మకండి. పైన కొండ మీద వాన పడితే కింద మనకి తెలిసేలోపే నీరు దూకుతుంది. 2024 సెప్టెంబరులో విహారానికి వచ్చిన వైద్య విద్యార్థులు అక్కడే కొట్టుకుపోయి ముగ్గురు చనిపోయారు. అక్కడి కోతులకి దయచేసి చిప్సు వెయ్యకండి. కారు కనపడితే చాలు రోడ్డు మధ్యకి వస్తున్నాయి, మా కళ్ళ ముందే ఒక పిల్ల కోతి లారీ కింద పడబోయి తప్పించుకుంది.

సోమవారం పొద్దున బయల్దేరుతుంటే బడి పిల్లలు జెండాలు పట్టుకుని వరసగా మెయిన్ రోడ్డు మీదకి వచ్చారు. రెండు పక్కలా కార్లు. చింతూరు వైపు వెళ్ళేవాళ్ళు హారన్ మోగిస్తూనే ఉన్నారు. వాళ్ళ టీచరమ్మ చేతులు చాపి ఒక్కో కారునీ ఆపుతూ పిల్లల్ని దాటించింది. రిపబ్లిక్ డే నాడు, వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ రోడ్డు దాటడానికి పిల్లలు పది నిమిషాలు నిలబడ్డారు. నేను కారు దిగి ఇంకో పక్క నిలబడి చెయ్యి చూపించాను. విజిల్ లేదు గాని అలవాటు పోలేదు, కార్లు ఆగాయి.

మార్కులు అడిగితే, టెంట్ల క్యాంపుకి ఐదుకి రెండు, ఆ రెండూ పరుపుకి, దుప్పటికి. ఊరి చివరి బొంగు చికెన్‌కి ఐదు. గుడిసకి ఐదు, జీపు డ్రైవరుకి కూడా. ఇంటి బసకి నాలుగున్నర, బాత్రూము దూరం కాబట్టి అర మార్కు తగ్గించాను. వెళ్ళాలనుకుంటే శని, ఆదివారాలు మానండి. మంగళ, బుధవారాల్లో గదులూ చవక, ఊరికీ ఊపిరాడుతుంది. రాజమండ్రి నుంచి బస్సుంది, రెండు కార్ల బదులు బస్సులో వెళ్ళండి. కొండచీపుర్లు, చింతపండు, తేనె రోడ్డు మీద అమ్మేవాళ్ళ దగ్గర బేరం ఆడకుండా కొనండి.

ఇంటాయన ఫోను నంబరు ఇక్కడ పెట్టను. ఉన్నవి రెండు గదులే, ఒకేసారి వంద ఫోన్లొస్తే ఆ ఇల్లు తట్టుకోలేదు. మారేడుమిల్లిలో దిగి ఊళ్ళోవాళ్ళు నడిపే గదులు ఎక్కడున్నాయని టీ కొట్టులో అడిగితే చెప్తారు, అలాంటివి ఇంకో నాలుగైదు ఉన్నాయి. ఒక్కటి గుర్తుంచుకోండి. వేసవిలో మామిడి కొత్త పండగ రోజుల్లో అతను గదులు ఇవ్వడు. ఆ పండగ చేసుకునేదాకా వాళ్ళు కొత్త మామిడికాయ నోట పెట్టరు, చేసుకునే రోజుల్లో ఊరంతా ఒకచోట ఉంటుంది. ఎంతిచ్చినా ఇవ్వనని ముందే చెప్పాడు. మేం మే నెల చివర మళ్ళీ వస్తామని చెప్పి, అడ్వాన్సు ఇచ్చి వచ్చాం.